నల్ల కారూ, పొడి గుడ్డా

అనుమానం నాకు పుట్టుకతో వచ్చిన గుణం. కూరగాయల తక్కెడ దగ్గర నుంచి పాలవాడి కొలపాత్ర దాకా దేన్నీ నమ్మను. పదిసార్లలో తొమ్మిదిసార్లు నా అనుమానమే నిజమవుతుంది. ఆ పదోసారి ఏమైందో చెబుతాను. కాలనీ అంతటికీ ఎలాగూ తెలిసిపోయింది, మీ దగ్గర దాచి ఏం లాభం.

మాది తెనాలి వైపు. మా వారికి ఇక్కడి ఫ్యాక్టరీలో ఉద్యోగమై, పటాన్‌చెరు పక్క కాలనీలో దిగి ఆరేళ్ళయింది. పోయిన వేసవిలో ఆయన సెకండ్ హ్యాండ్ అంబాసిడర్ ఒకటి కొన్నారు. నల్లది. "నలుపు వద్దండీ, దుమ్మంతా కనబడుతుంది" అన్నాను. "నలుపంటేనే దర్జా" అన్నారు. ఆ దర్జాకు ఇంటికొచ్చిన వారానికే ఒంటి నిండా తెల్లమచ్చలు తేలాయి, ఎవరో సున్నం చిలకరించినట్టు.

కారు కడిగేది యాదగిరి. రాత్రంతా ఒక ఫ్యాక్టరీ గేటు దగ్గర కాపలా కాసి, తెల్లారాక ఇస్నాపూర్‌లో ఇంటికి పోకుండా సైకిల్ మీద మా కాలనీకి వస్తాడు. మాదీ, ఇంకో మూడిళ్ళవీ బండ్లు కడుగుతాడు. ఆ గేటు జీతానికి ఈ నాలుగిళ్ళ పని తోడైతేనే వాళ్ళింట్లో పొయ్యి వెలుగుతుంది. నా ఈడు మనిషే. తక్కువ మాట్లాడతాడు. తక్కువ మాట్లాడే వాళ్ళంటే నాకు మరీ అనుమానం.

మచ్చల సంగతి నేనే కనిపెట్టాను. బి.ఎస్సీ. కెమిస్ట్రీ ఊరికే పోతుందా? మాది బోరు నీళ్ళు. యాదగిరి కారు కడిగి ఎండలో వదిలేస్తాడు. నీళ్ళు ఆవిరైపోతాయి, అందులోని సున్నం మిగులుతుంది. ఇదంతా యాదగిరికి పాఠం చెప్పినట్టు చెప్పి, చివర అన్నాను:

"రేపటి నుంచి కడగ్గానే పొడి గుడ్డ పెట్టి బాగా తుడవాలి. మచ్చ మిగలకూడదు."

యాదగిరి కారు వైపు చూశాడు, నా వైపు చూశాడు. "పొడి గుడ్డనా అమ్మా? కారుకా?"

"కారుకే."

"నల్ల రంగు గదమ్మా, జెర సోచాయించుండ్రి."

"ఆలోచించే చెబుతున్నాను. నల్ల రంగు కాబట్టే. ఇది కెమిస్ట్రీ. నీకు తెలియదు."

"మంచిదమ్మా" అన్నాడు.

మర్నాడు పొద్దున నేను పోపులో ఉండగా కిటికీ బయట నుంచి అడిగాడు. "అమ్మా, పొడి ఏడున్నది?"

"పెరట్లో, గిన్నెలు తోమే గట్టు మీద" అన్నాను. పాత పంచె చింపి ముందురోజే అక్కడ ఆరేసి పెట్టాను.

వారంలో మచ్చలు మాయమయ్యాయి. కెమిస్ట్రీ గెలిచిందనుకున్నాను. పది రోజుల తరువాత, ఒక పొద్దున ఏటవాలు ఎండ బానెట్ మీద పడినప్పుడు చూశాను కదా, కళ్ళు తిరిగాయి. గీతలు. ఒకటి కాదు, వందలు. గుండ్రంగా, ఒకదాని చుట్టూ ఒకటి, సాలెగూడు అల్లినట్టు. నీడలో చూస్తే ఏమీ లేదు. ఎండలోకి వస్తే కారంతా సుడిగుండాలే.

"ఎవరో కావాలని గీశారు" అన్నాను మా వారితో.

"కారు మీద ఎవరికి పగ?"

పగ కాకపోతే లాభం. నెల కింద యాదగిరి మాటల్లో అన్నాడు, "మా బామ్మర్ది సంగారెడ్డిల కార్లకు రంగులేస్తడు" అని. అప్పుడు పట్టించుకోలేదు. ఇప్పుడు ముక్కకు ముక్క అతికింది. బావ గీకుతాడు, బామ్మర్ది రంగు వేస్తాడు.

"పాపం, మంచి మనిషి" అన్నారు మా వారు.

"మంచి మనుషులకు బామ్మర్దులుండరా?" అన్నాను.

ఆ సాయంత్రమే మిగతా మూడిళ్ళకూ వెళ్ళి, యాదగిరిని ఇక గేటు లోపలికి రానివ్వద్దని చెప్పి వచ్చాను. పక్కింటి బాలమణి ఒక్కతే అడ్డం తిరిగింది. సంగారెడ్డిలో ధాన్యం వ్యాపారస్తుల ఇంటి ఆడపడుచు, ఎవరి మాటా తూకం వేయందే ఒప్పుకోదు.

"కండ్లతోని చూసినవా అక్కా?"

"రేపు చూపిస్తాను. సాక్షిగా నువ్వే రా."

మర్నాడు ఆరున్నరకు ఇద్దరం మా వంటింటి కర్టెన్ వెనక నిలబడ్డాం. యాదగిరి వచ్చాడు. కారు కడిగాడు. అటూ ఇటూ చూసి పెరట్లోకి వెళ్ళాడు. "చూశావా, ఎలా చూస్తున్నాడో" అన్నాను. తిరిగి వచ్చినప్పుడు చేతిలో ఒక డబ్బా ఉంది. అందులో తడిగుడ్డ అద్ది, బానెట్ మీద పెట్టి గుండ్రంగా తిప్పడం మొదలుపెట్టాడు.

నేను చెప్పులు కూడా వేసుకోకుండా బయటపడ్డాను. "దొరికావు. ఏముంది ఆ డబ్బాలో?"

యాదగిరి బెదరలేదు. డబ్బా నా ముందుకు చాపాడు. "పొడి, అమ్మా."

మా డబ్బానే. నేను ఇత్తడి గిన్నెలు తోమడానికి నూరి పెట్టుకున్న ఇటుక పొడి.

"ఇది కారుకు రాస్తారా ఎవరైనా?"

"నేను గట్లనే అడిగిన గదమ్మా. కారుకా అంటే కారుకే అన్నరు. ఏడున్నదంటే గిన్నెల గట్టు మీద అన్నరు. పొడి పెట్టి గుడ్డతోని తుడువుమన్నరు, తుడుస్తున్న."

"పొడి గుడ్డ అన్నానయ్యా. పొడి గుడ్డ. అంటే తడి లేనిది."

"గట్ల చెప్పొద్దా మరి" అన్నాడు యాదగిరి, నెమ్మదిగా. "గీతలు పడ్తయని రోజూ భయమే. రాళ్ళుంటయని జల్లెడ పట్టి మరీ పెడుతున్న. కెమిస్ట్రీ అంటిరి, నాకేమెరుక."

నేను బాలమణి వైపు తిరిగాను. "నువ్వు చెప్పు. పొడి గుడ్డంటే నీకేం అర్థమవుతుంది?"

"మేమైతే ఆరిన బట్ట అంటం, అక్కా" అంది. సాక్షిని తెచ్చుకున్నది నేనే మరి.

మా వారు వరండాలో పేపరు అడ్డం పెట్టుకున్నారు. పేపరు వణుకుతోంది. "నీ కెమిస్ట్రీకి ఢోకా లేదు. తెలుగే ఒకసారి చూసుకో" అన్నారు వెనక నుంచి.

కాఫీ కూడా తాగకుండా ముందు, బాలమణి ఇల్లు పోగా మిగిలిన రెండిళ్ళకూ వెళ్ళాను. తప్పు నాదని ప్రతి గుమ్మంలో మొదటి నుంచి చెప్పాల్సి వచ్చింది. రెండో ఇంట్లో ఆవిడ, వాళ్ళత్తగారు స్నానం చేసి వచ్చేదాకా నన్ను కూర్చోబెట్టి, ఆమె కోసం మళ్ళీ చెప్పించుకుంది. యాదగిరి పని మాత్రం నిలబడింది.

కారు మిగిలింది. ఈ చుట్టుపక్కల ఆ గీతలు తీయగలిగినవాడు ఎవరని విచారిస్తే అందరూ ఒకటే పేరు చెప్పారు. సంగారెడ్డి నర్సింలు. యాదగిరి బామ్మర్ది.

కబురు పెడితే వచ్చాడు. బానెట్ మీదికి వంగి చూసి, "ఎవలమ్మా గిట్ల తోమింది? గంగాళం అనుకున్నరా?" అన్నాడు.

యాదగిరి తల వంచుకుని సైకిల్ చైను చూస్తున్నాడు. నా పేరు చెప్పలేదు. అతని మౌనం మీద నాకు అనుమానం పోయింది ఆ క్షణంలోనే.

"నేనే" అన్నాను.

నర్సింలు కారును షెడ్డు నీడలో పెట్టి రెండు రోజులు కూర్చున్నాడు. మెత్తటి గుడ్డకు గీతలు తీసే కాంపౌండ్ కాస్త అద్దడం, జానెడు చోటు రుద్దడం, తుడిచి టార్చిలైటు వేసి చూసుకోవడం, మళ్ళీ జానెడు. చివర మైనం పాలిష్ పట్టాడు. రంగు వేద్దామని ఒక్కసారి కూడా అనలేదు. నేనే అడిగితే, "ఉన్న రంగు మంచిగనే ఉన్నదమ్మా, దాన్ని గీకకుంటె చాలు" అన్నాడు. రెండో రోజు సాయంత్రానికి బానెట్‌లో నా మొహం కనిపించింది. అంత స్పష్టంగా కనబడకపోయినా బాగుండేది.

ఇప్పుడు అనుమానం యాదగిరి వంతు. రోజూ కారు తుడిచే ముందు గుడ్డను వంటింటి కిటికీ దగ్గరికి తెచ్చి, నా ఎదుటే పిండి చూపిస్తాడు. "చూడుండ్రి, చుక్క రాదు" అంటాడు. నేను తలూపితే గానీ పని మొదలుపెట్టడు. నేను ఏది చెప్పినా రెండుసార్లు తిరిగి అడుగుతాడు.

నిన్న పొద్దున వంకాయ వేపుడు దించబోతూ మా వారిని కేకేశాను. "ఏమండీ, కారప్పొడి ఎక్కడ పెట్టారు?"

బయట బకెట్ చప్పుడు ఆగిపోయింది. రెండు క్షణాల్లో కిటికీలో యాదగిరి తల కనిపించింది. చేతులు రెండూ జోడించి ఉన్నాయి.

"అమ్మా, కారుకు ఇగ ఏ పొడీ వద్దమ్మా."