దోసకాయ బోణీ

డెబ్బైల నాటి మాట. మాదన్నపేట మార్కెట్లో దోసకాయలమ్మే రాజమణికి ఏదైనా చిటికెలో తేలిపోవాల్సిందే. గిరాకీ సంచి తెరిచేలోపే కాయ అందులో పడేది. "చేదుంటేనో?" అని ఎవరైనా నసిగితే, "కాయల దూరి సూసొచ్చిన్నా నేను?" అనేది. తల్లీదండ్రీ పోయిన వారానికే గంప నెత్తికెత్తుకున్న మనిషి. ఇరవై ఎనిమిదేళ్ళు వచ్చినా పెళ్ళి ఊసెత్తే పెద్దదిక్కు లేదు.

అలాంటిదానికి రోజూ బోణీ గిరాకీగా దాపురించాడు కరెంటాఫీసు గుమాస్తా సీమోను. ఒక్కో కాయ ఎత్తి, తట్టి, వాసన చూసి, మళ్ళీ మొదటికొచ్చేవాడు. బోణీకి వచ్చినవాణ్ణి వదిలి ఇంకొకరికి అమ్మితే రోజంతా కలిసిరాదాయె! పక్కన కొత్తిమీర అమ్మే షౌకత్ బీ నవ్వాపుకోలేక కొంగు నోట్లో కుక్కుకునేది.

ఒకనాడు రాజమణికి ఓపిక నశించింది. "సారూ, కాయ కొంటున్నవా, పిల్లను సూస్తున్నవా?"

"పిల్లను గూడ సూస్తున్న," అన్నాడు సీమోను సిగ్గుపడుతూ. "పద్నాలుగు సంబంధాలు సూసిన. రెండు మిగిలినయ్. ఐతారం చర్చి అయినంక అమ్మకు ఏదో ఒకటి చెప్పాలె." జేబులోంచి నోటుబుక్కు తీసి చూపించాడు. ఎత్తు, చదువు, వంట, గొంతు అని గడులు గీసి మార్కులు వేసి ఉన్నాయి.

రాజమణికి ఒళ్ళు మండింది. ఎందుకు మండిందో వెంటనే తెలిసి ఇంకా మండింది. ఈ చాదస్తపు మనిషంటే తనకిష్టం.

ఇష్టం చిటికెలో తేలింది గానీ, నోరు మాత్రం పెగల్లేదు. గంపమ్మను గుమాస్తా చేసుకుంటాడా? కాదంటే రేపు ముఖమెలా చూపించాలి? మూడు రోజులు ఒక గిరాకీ కాయలు ఇంకో గిరాకీకి ఇచ్చింది. "క్యా సోచ్‌రీ మా!" అంది షౌకత్ బీ. "గింత ఆలోచనేంది? నువ్వు గూడ బుక్కు రాస్తున్నవా ఏంది?"

శనివారం పొద్దున సీమోను రెండు చేతుల్లో రెండు కాయలు పట్టుకుని నిలబడ్డాడు. "ఏది మంచిదో నువ్వే చెప్పు, రాజమణీ."

ఆమె రెండూ లాక్కుని గంపలో పడేసింది. "రెండూ వద్దు. నన్ను చేసుకో."

షౌకత్ బీ చేతిలో కట్ట జారిపోయింది. సీమోను చెయ్యి నోటుబుక్కున్న జేబు మీదికి పోయింది. రాజమణి కళ్ళలో నీళ్ళు గిర్రున తిరిగాయి. ఆలోచించి చెప్తనంటడు, నా పానం తీస్తడు, అనుకుంది.

"సరే," అన్నాడు సీమోను.

అనేసి తనే బెదిరిపోయి షౌకత్ బీ వైపు తిరిగాడు. "అమ్మా, గిప్పుడు గామాట అన్నది నేనేనా?"