చేటల్లో ఆగిన పత్తిగింజలు

మొన్న ఆదివారం మా విరుదునగర్ కతోలిక గుడిలో, పాత స్వామి బదిలీ అయ్యాక రెండు నెలలు పూజలు చూసుకోవడానికి వచ్చిన కుర్ర గురువు, తాను తాత్కాలికమేనని నవ్వుతూ చెప్పుకుంటే, వెనక బెంచీలో చేరగిలబడి వింటున్న ఈ ముసలి గురువుకు పాత తప్పొకటి గుర్తొచ్చింది. ఆ మాట నేనూ ఒకప్పుడు అన్నాను, ఎంత ధీమాగా అన్నానో నా ఈడు వాళ్లకైనా చెప్పుకోవాలి.

పంతొమ్మిదివందల ముప్పైల తొలినాళ్ల సంగతి. కోవిల్‌పట్టికి అవతల ఒక నల్లరేగడి పల్లెలో ఇరవై ఏళ్లుగా ఉన్న పెద్దస్వామి జబ్బుపడి మధురై వెళ్లిపోతే, కొత్తాయన వచ్చేదాకా నన్ను పంపారు. గురుపట్టం అందుకుని నాకింకా ఏడాది కాలేదు. అక్కడివాళ్లు మనలాగే ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం మాట్లాడే కూలీజనం. ఒకరి పొలం వారానికి, అంటే పంటలో పాలిచ్చే లెక్కన, తీసుకుని పత్తి వేసుకునేవారు.

వాళ్లకో ఆచారం ఉండేది. అక్టోబరు చివర పడే ఐప్పసి నెల వానకు ముందు ఇంటికో చేటెడు పత్తిగింజలు గుడికి తెచ్చి, స్వామి చేత తీర్థం చల్లించుకున్నాకే విత్తేవారు. గింజకు గింజ అంటుకోకుండా పేడనీళ్లలో రుద్ది ఆరబెట్టిన గింజలవి. నిలువుటంగీ నలగకుండా నడిచే నాకు, తెల్లగుడ్డ పరిచిన పీఠం ముందు ఆ పేడవాసన సయించలేదు. ఆ మాట పైకి అనే ధైర్యమూ లేక, ఇంత పెద్ద పని తాత్కాలికంగా వచ్చినవాడు చేయకూడదు, కొత్త స్వామి వచ్చాక చేయించుకోండి అని వినయం నటించాను. అందరూ తలలూపి చేటలెత్తుకుని వెళ్లిపోయారు. నా తెలివికి నేనే మురిసిపోయాను కూడా.

ఆ వారమే వాన దంచికొట్టింది. నేల కాలు పెట్టనిచ్చేసరికి చుట్టుపక్కల ఊళ్లన్నీ అరకలు కట్టాయి. మరో నాలుగు రోజులకు ఎవరో రోగిని చూడటానికి సైకిలు మీద వెళుతూ చూద్దును కదా, మావాళ్ల చేలు మాత్రం విత్తకుండా ఉన్నాయి. అప్పటికే పైమట్టి తెల్లబడుతోంది. విత్తుకు తగిన ఆ తడిపదును పోతే ఏడాది తిండి పోయినట్టే. వీధిలోకి వస్తే అరుగుల మీద చేటలు, వాటి పక్కనే చేతులు కట్టుకుని మనుషులు. ఎందుకు విత్తలేదని గుడిగంట కొట్టే పెద్దాయనను అడిగాను.

"మీరేగా సామీ, కొత్త సామి వచ్చేదంకా నిలపమంటిరి. సామి మాట తోసి ఎట్ల విత్తేది?" అన్నాడు, నిష్ఠూరమేమీ లేకుండా.

పీఠం దగ్గర ఎవరు నిలబడితే వాళ్ల మాటను దేవుడి మాటగా ఎంచి, కళ్లెదుట పదును ఆరిపోతున్నా చెయ్యి ఆపుకున్న ఆ మనుషుల ముందు నేను ఎంత చిన్నవాణ్నో అప్పుడు తెలిసింది. తీర్థం తెప్పించి అరుగు అరుగుకీ వెళ్లి చల్లాను. అంగీ ఎగదోపుకుని, ఆ పేడగింజలే దోసిళ్లతో జల్లుతూ పొద్దుగుంకేదాకా వాళ్లతో చేలల్లో తిరిగాను.

పల్లపు చేలు మొలిచాయి. మెరక మీద ఉన్న గంట పెద్దాయన చేను మొలవలేదు. ఆయన ఆ ఏడు కోవిల్‌పట్టిలో అగ్గిపెట్టెల పనికి పోయాడు. నన్ను ఒక్క మాట అనలేదు. పైగా నేను వెళ్లిపోయే రోజు పెట్టె మోసుకొచ్చి రైలెక్కించి, దీవెన కోసం తల వంచాడు.

ఇప్పుడు విత్తనాలు సంచుల్లో వస్తున్నాయి, ఎప్పుడు వేయాలో రేడియో చెబుతోంది, గురువు చెప్పింది విని ఎవరికి తోచింది వాళ్లు చేసుకుంటున్నారు. అదే మేలని నాకూ తెలుసు. అయినా ఆ నమ్మకం తలుచుకుంటే ఇన్నేళ్ల తర్వాతా భయమేస్తుంది. మళ్లీ ఎవరూ నన్ను అంతగా నమ్మలేదన్న దిగులు మాత్రం ఇవాళే, మీతోనే చెప్పుకుంటున్నాను.