సున్నం గోడా, తాటికాయా, మా పెద్దమ్మ ముఖమూ

ముందే చెప్పేస్తున్నాను, ఉన్నదాన్ని ఉన్నట్టు చెప్పడం నాకు చేతకాదు. దోమ కుడితే గేదె పొడిచిందనే రకాన్ని. మా ఆవిడ నా మాటల్లో ముప్పాతిక వంతు తాలు కింద చెరిగేసి, మిగిలిన గింజల్ని మాత్రం నమ్ముతుంది. మీరూ చేట పట్టుకునే కూర్చోండి.

మొన్న ముసురు పట్టినప్పుడు అటక మీంచి మా మావ కెమెరా దించాను. తోలు సంచి గుండీ విప్పగానే పాత చెప్పులూ కలరా ఉండలూ బూజూ కలిసిన వాసన బుస్సున లేచి, వీధి చివరింటి ముసలాయన చేత కూడా తుమ్మించింది. నాకు మాత్రం ఆ వాసన వెనకాలే తడి సున్నం వాసన వచ్చింది. తడి సున్నం వాసనంటే నాకు కోతపండగే.

మా ఊరు కోటబొమ్మాళి దగ్గర, రైలు కూత వినబడేంత దూరంలో. మా ఇంటికి ఎదురుగా, సందుకి అవతల, మా బాప్టిస్టు చర్చి. చేలు కోసి, కుప్పలు నూర్చి, కొత్త ధాన్యం ఇళ్ళకి చేరాక ఒక ఆదివారం కోతపండగ. దానికి వారం ముందు నుంచే చర్చి గోడలకి సున్నం మీద సున్నం కొట్టి, వాలిన కాకికి కూడా తన నలుపు మీద అనుమానం వచ్చేంత తెల్లగా చేసేవారు. ఆ రోజు వరి కంకులూ, పసిబిడ్డలంతేసి గుమ్మడికాయలూ, తంపటేసిన తాటి గేగుల కట్టలూ, కాళ్ళు కట్టిన కోళ్ళూ బలిపీఠం ముందు చేరేవి. పాస్టరుగారు ప్రార్థన మొదలెడితే కోళ్ళు శ్రుతి అందుకునేవి. ఆరాధన అయ్యి, తెచ్చినవన్నీ వేలం వేసి, వేలంలో ఒకరి సొరకాయ ఇంకొకరికి పోయి, ఇద్దరూ అలిగి, ఆ అలకలన్నీ కోడికూర వాసనకి తీరిపోయాక, మిట్టమధ్యాహ్నం ఫొటో. తెల్ల చీరల ఆడవాళ్ళు, తెల్ల చొక్కాల మగవాళ్ళు, డబ్బాడు పౌడరు రాసుకుని తెల్ల గోడకి వీపులానించి, సూర్యుడు నడినెత్తిన ఉండగా నిలబడేవారు. వెలుగు ఎంతెక్కువుంటే ఫొటో అంత బాగా వస్తుందని, చర్చి కనబడకపోతే అది పండగ ఫొటోయే కాదని మా వాళ్ళ నమ్మకం.

ఆ ఫొటోలో అందరూ పడేవారు, మా అమ్మకి అక్కయిన మార్తమ్మ పెద్దమ్మ తప్ప. పెద్దమ్మది నిగనిగలాడే నలుపు. ఆవిడ పాట ఎత్తుకుంటే రైలు ఆగి విని వెళ్ళేది. కానీ ఫొటోలో మాత్రం ఒక తెల్ల చీర, దాని పైన ఒక నల్ల మచ్చ, ఆ మచ్చలో పళ్ళు. ఒకేడు ఫొటో చూసి ఆవిడ మొగుడు, మా పెదనాన్న, అందరి ముందరా అనేశాడు.

"మార్తా, నీ సీర బాగా పడినాది. నువ్వెప్పుడొస్తావు?"

అందరూ నవ్వారు. పెద్దమ్మా నవ్వింది. కానీ ఆ తర్వాత కెమెరా కనబడితే చాలు, "కూర మాడిపోతాదర్రా" అంటూ వంటింట్లోకి పోయేది. ఓసారి వెనకాలే వెళ్ళి చూశాను. పొయ్యిలో నిప్పే లేదు. చల్లారిన పొయ్యి ముందు పీట వేసుకుని, కొంగు వేలికి చుట్టుకుంటూ కూర్చుని ఉంది. ఆ రోజే ఒట్టు పెట్టుకున్నాను, ఈవిడ ముఖాన్ని ఫొటోలోకి తెచ్చేదాకా నేను మనిషిని కానని.

రైల్వేలో పనిచేసే మా మావ, అంటే అమ్మకీ పెద్దమ్మకీ తమ్ముడు, విశాఖపట్నంలో ఎవరి దగ్గరో పాత కెమెరా ఒకటి కొన్నాడు. రీలు ఉంటే దాని మీద నన్ను చెయ్యి వెయ్యనిచ్చేవాడు కాదు. రీలు అయిపోతే నాకిచ్చి, "నొక్కుకో, నీ సరదా తీరా" అనేవాడు. దాంతో ఉత్త కెమెరాతో ఏడాదంతా ఊరిని ఫొటోలు తీశాను. మొదట్లో జనం తల దువ్వుకుని, మీసం మెలేసి నిలబడేవారు. మా ఊరి కుక్కలు కూడా ఎడమ పక్క నుంచే అందంగా ఉంటామని తెలుసుకుని అటే తిరిగేవి. రీలు లేదని తెలిశాక "ఒరే, ఆ ఫొటోగ్రాపరొస్తన్నాడు, ఊపిరి బిగపెట్టకండి" అనడం మొదలెట్టారు.

అన్నవాళ్ళని అననిచ్చి నేను మాత్రం ఆ కెమెరాలోని సన్న సూదినే చూసేవాణ్ణి. వెలుగు పెరిగితే అది లేస్తుంది, తగ్గితే పడుకుంటుంది. గోడ వైపు తిప్పితే బెదిరిన గొడ్డులా ఎగిరేది. వంటింట్లోకి తీసుకెళ్తే కడుపు నిండా చోడంబలి తాగిన మనిషిలా జోగేది. పెద్దమ్మ దగ్గరికి వెళ్దామంటే ఆవిడ ఆగదు. ఆవిడ బదులు ఒక తాటికాయ తెచ్చుకున్నాను, నల్లగా, నున్నగా, గుండ్రంగా. దాన్ని పొద్దున్న కళ్ళంలోనూ, మధ్యాహ్నం పెరట్లోనూ, సాయంత్రం అరుగు మీదా కూర్చోబెట్టి చూసేవాణ్ణి. మిట్టమధ్యాహ్నం నెత్తిన ఒక తెల్ల చుక్క మెరిసి తక్కినదంతా బొగ్గయ్యేది. చర్చి గోడ ముందు పెడితే ఆ తెలుపు దాన్ని మింగేసేది.

ఒకరోజు పొద్దు వాలాక దాన్ని మా వడ్ల గది గడప మీద పెట్టాను. వెనక గది చీకటి. ఎదురుగా ఎండ పడి వెలుగుతున్న చర్చి గోడ. ఆ గోడ వెలుగు సందు దాటొచ్చి తాటికాయ మీద మెల్లగా పడింది. అప్పుడు చూశాను, నలుపులో ఎన్ని రంగులున్నాయో. ముచ్చిక దగ్గర ఎరుపు, బుగ్గ మీద ఊదా, కింద రాగి. గోడ మనిషి వెనకాల ఉండకూడదు, ముందుండాలి. గంతులేస్తున్నాను. వెనకనుంచి పెద్దమ్మ.

"ఏట్రా, తాటికాయకి మొక్కుతన్నావేటి?"

"నీ మొకం కోసమే పెద్దమ్మా."

"నా మొకం తాటికాయేట్రా, సచ్చినోడా!"

చీపురు తీసింది. కోటబొమ్మాళి స్టేషను దాకా తరిమింది. నేను రైలెక్కితే పక్క బోగీ ఎక్కింది. ఇంటికొచ్చాక ఎందుకు చేశానో సంగతంతా చెప్పాను. విని చీపురు మూలన పడేసింది. "ఒక్కపాలే తియ్యి," అంది. "అందులో పడకపోతే మరెప్పుడూ నన్నడక్కు."

ఆ యేడు కోతపండగ నాడు మావ ఎప్పట్లాగే గోడ ముందర అందర్నీ నిలబెట్టి రీలంతా వాడేశాడు. రీలు అయిపోయాక కూడా ఒక్కోసారి చివర ఇంకొక్క ఫొటోకి సరిపడా తోక మిగులుతుంది. బతిమాలీ ఏడ్చీ ఆ తోక నేను సంపాదించాను. ఇక తప్పితే తప్పినట్టే. పొద్దు వాలేదాకా ఆగి పెద్దమ్మని గడప మీద కూర్చోబెట్టాను. మా అమ్మ పౌడరు డబ్బాతో పరిగెత్తుకొచ్చింది.

"ఒద్దమ్మా."

"ఉన్న నలుపు అలాగే పడిపోతాదిరా!"

"అదే పడాల."

కెమెరా పెద్దమ్మ చెంప దాకా తీసుకెళ్ళి సూది చూశాను. అది చెప్పినట్టు మీటలు తిప్పి వెనక్కొచ్చాను. ఆవిడ గోడకేసి చూస్తోంది. "కూర సూసుకోవాల..." అని లేవబోయింది. "పెద్దమ్మా, పాటెత్తుకో" అన్నాను. ఆవిడ ఊపిరి తీసుకుంది. నొక్కాను.

ఫొటో కడిగించి తెచ్చిన రోజు పెద్దమ్మ దాన్ని పట్టుకుని వీధిలోకొచ్చి, సువార్త సభలా జనాన్ని పోగేసి, "ఓలమ్మోలమ్మ, సూడండర్రా! సీరొక్కతే రాలేదు, నాను కూడా వచ్చినాను!" అని పెదనాన్నని పేరు పెట్టి మరీ వాయించింది. ఆయన రెండ్రోజులు పొలంలోనే పడుకున్నాడు.

ఇప్పుడు ఆ చర్చికి మెరిసే పలకలు అంటించారు. సున్నమూ లేదు, సందు దాటొచ్చే ఆ మెత్తని వెలుగూ లేదు. వడ్ల గది స్కూటర్ల షెడ్డయింది. మావా లేడు, పెద్దమ్మా లేదు. ఇప్పటి ఫోన్లు అడక్కుండానే అందర్నీ తెల్లబరుస్తాయి. నాకు ఫొటోలు నేర్పమని వచ్చే పిల్లలకి మొదట ఫోను పక్కన పెట్టించి, ఒక నల్లటి వస్తువు చేతికిచ్చి, అందులో రంగులు కనబడేదాకా దాన్ని పట్టుకుని ఇల్లంతా తిరగమంటాను. సగం మంది మర్నాడు రారు. వచ్చినవాళ్ళకి వెలుగు తెలుస్తుంది. మా పాత పండగ ఫొటోలు చూసిన పిల్లలు మాత్రం ఒకటే అడుగుతారు, ఒకేడు నుంచి వీటిలో చర్చి ఎందుకు కనబడదని. జనమంతా మా అరుగు దగ్గర చేరి, చర్చి వైపు ముఖం పెట్టి నిలబడి ఉంటారు మరి.

ఇంతకీ ఇందులో నేను కల్పించింది పెద్దమ్మ ప్రసంగం. కుక్కల సంగతీ రైలు సంగతీ మీ చేటకే వదిలేస్తున్నాను. ఆ రోజు ఆవిడ వీధిలోకి రానేలేదు, పెదనాన్నని ఒక్క మాటా అనలేదు. ఫొటోలోని తన చెంప మీద వేలు పెట్టి చూసింది. వేలిముద్ర పడితే కొంగుతో తుడిచింది. తర్వాత నన్ను దగ్గరికి పిలిచి, పక్కవాళ్ళకి వినబడకుండా అడిగింది.

"ఒరే, వచ్చే పండక్కి అందర్నీ ఇటేపు తిప్పగలవేట్రా? అలగయితే నానూ నిలబడతాను."