బళ్లారి వార్డు నుంచి వచ్చిన అంకెలు

అది 2011. రాయచూరులో స్టేషన్‌కు దగ్గరగా మాది చిన్న సాఫ్ట్‌వేర్ ఆఫీసు. కరెంటు ప్లాంటులో పనులు పట్టిన కాంట్రాక్టర్లకు హాజరు ప్రోగ్రాములు, మాన్వి రైసు మిల్లులకు బిల్లింగు ప్రోగ్రాములు రాసేవాళ్లం. నేను తుర్విహాళ కాలువ కింద స్థిరపడ్డ గోదావరి వాళ్ల అబ్బాయిని. నా పక్క కుర్చీలో కూర్చునే బసవరాజుది బిజాపూరు వైపు. తెలుగు ఒక్క ముక్క రాదు. ప్లాంటు ఉన్న జిల్లాలోనే మాకు రోజూ కరెంటు పోయేది. దాన్ని తిట్టుకుంటూనే పని చేసేవాళ్లం.

ఒక మధ్యాహ్నం మట్మారి నుంచి నాగమ్మ అనే ఆవిడ, భర్తకు అన్న అయిన బావగారు హనుమంతును వెంటబెట్టుకుని వచ్చింది. ఆమె భర్త తిమ్మప్ప ప్లాంటులో బొగ్గు పొడి చేసే మిల్లు దగ్గర ఏళ్ల తరబడి పనిచేశాడు. ఆ రొదకు అతని చెవులు పూర్తిగా పోయాయి. తరవాత ఊపిరితిత్తుల జబ్బుతో బళ్లారి ఆసుపత్రిలో చేరి, ఆ ఎండాకాలంలోనే చనిపోయాడు. అతని హాజరు మా ప్రోగ్రాములోనే పడేదని ఎవరో చెబితే, కంప్యూటరు తెలిసినవాళ్లని మా దగ్గరికి వచ్చారు.

ఆమె చిన్న ఫోను తీసి బల్ల మీద పెట్టింది.

"అన్నా, గివి కంపెనీ మెసేజీలనుకున్న. తుడుసుడు రాక అట్లనే ఉంచిన. ఆస్పత్రిల ఉండి ఆయన నాకు రోజూ రాసిండని మా బావ అంటడు. గివేనా?"

తెరిచి చూశాను. &#3242;&#3263;&#3250;&#3277;&#3250; అని ఒక వరుస. కింద అలాంటివే ఇంకా చాలా.

వీటిని మా వృత్తిలో ఎంటిటీలు అంటారు. ప్రపంచంలోని ప్రతి అక్షరానికీ యూనికోడ్ అనే పద్ధతిలో ఒక నంబరు ఉంటుంది. పాతకాలపు వెబ్‌సైట్లకు మన అక్షరాలు తెలియవు. అలాంటి సైటులో టైపు చేస్తే బ్రౌజరు అక్షరానికి బదులు దాని నంబరు పంపుతుంది. ఆ నంబరును మళ్లీ అక్షరంగా మార్చడమే డీకోడింగు. వెబ్ పేజీకి ఆ విద్య తెలుసు, ఫోనుకు తెలియదు. అంకెలను అంకెల్లాగానే చూపిస్తుంది.

మిగతాది ఆసుపత్రిలో తమ్ముడికి తోడున్న హనుమంతు చెప్పాడు. "గొంతుల గొట్టమేసిరి, మాట లేకపాయె. చెవులు ముందే లేకపాయె. నర్సమ్మ పాపం కంప్యూటర్ల ఏదో తెరిచి ఇస్తుండె, పైసల్ లేకుండ మెసేజ్ పోతదని. వాడు ఒక్కొక్కటే ఒత్తుకుంట కూసుండేటోడు. నాకా, చదువు రాదు."

మెసేజీలను కంప్యూటర్‌లోకి ఎక్కించి చిన్న ప్రోగ్రాము రాశాను. తెప్పించిన టీ చల్లారేలోపు పని అయిపోయింది. తెర మీద కన్నడ అక్షరాలు వచ్చాయి. గబగబా చదవగలడు కదా అని బసవరాజు వైపు తిప్పాను. అతను కాసేపు చూసి తల అడ్డంగా ఊపాడు.

"ఇదు కన్నడ అల్ల." కన్నడం కాదట. అక్షరాలు చక్కగానే ఉన్నాయి, మాటలకు అర్థం లేదు, డీకోడింగులో ఎక్కడో తప్పావన్నాడు. నాకు రోషం వచ్చింది. తప్పు ఎక్కడుందో వింటాను, పైకి చదవమన్నాను.

అతను అర్థం తెలియని శ్లోకం అప్పజెప్పినట్టు చదివాడు. "పిల్ల ఎట్లుంది."

నాగమ్మ కూర్చున్న చోటు నుంచి లేచి నిలబడింది. "గది ఆయన మాటే," అంది.

ఈ వైపు తెలుగువాళ్లకు ఇల్లంతా తెలుగు, బడి అంతా కన్నడం. తెలుగును కన్నడ అక్షరాలతోనే రాసుకుంటారు. తిమ్మప్పా అలాగే రాశాడు. నాగమ్మకూ ఆ అక్షరాలు వచ్చు.

అతను ఆసుపత్రిలో ఉన్నప్పుడే ఇంట్లో కూతురికి అమ్మవారు పోసింది. పిల్ల తీవ్రంగా జబ్బుపడింది. ఇంట్లో అమ్మవారు ఉండగా తల్లి పొలిమేర దాటకూడదని పెద్దలు ఆపేశారు. అంతవరకు హనుమంతు సైగలతో అతనికి తెలిపాడు. ఆ తరవాత పిల్ల కోలుకుంది. కానీ చెవులు లేని మనిషికి ఆ మాట ఫోనులో వినిపించేదెలా?

ఇవేవీ తెలియని బసవరాజు అదే గొంతుతో చదువుకుపోతున్నాడు.

"తక్కువైందా."

"జవాబియ్యవేందే."

"అన్న నవ్వుతడు. నమ్మను."

"నువ్వు రాయి. ఒక్క మాట."

"దాచకు. పిల్ల పోయింది."

"దాని తానకే పోత."

అదే చివరిది. బసవరాజు నా వైపు తిరిగి, ఇప్పుడు సరిగ్గా వచ్చిందా అని కన్నడంలో అడిగాడు. వచ్చిందన్నాను. చేసిన పని సరిగ్గా వచ్చినందుకు నేను ఏడ్చింది ఆ ఒక్కసారే.

హనుమంతు తలపాగా గుడ్డతో మొహం కప్పుకున్నాడు. "పిల్ల మంచిగుందని బొటనేలెత్తి సూపిన. నవ్వి గూడ సూపిన. వాడు మొకం అటు తిప్పుకుండె."

నాగమ్మ మాత్రం ఏడవలేదు. ఫోను చేతిలోకి తీసుకుంది.

"అన్నా, గా నంబరుకు ఇప్పుడు జవాబు పెడ్తే పోతదా?"

"పోదమ్మా. అది ఆయన నంబరు కాదు, వెబ్‌సైటుది. అటు నుంచి రావడమే, ఇటు నుంచి పోదు."

"పోకున్నా మంచిదే. పిల్ల బడికి పోయిందని రాయి."

రాశాను, కన్నడ అక్షరాలతోనే. ఆమె వేలితోనే మీట నొక్కించాను. పంపలేకపోయామని ఫోను ఇంగ్లీషులో చెప్పింది. అది ఆమెకు చదివి వినిపించలేదు.

చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టే అనుకోండి, ఆ తరవాత నేను రాసిన ఏ ప్రోగ్రాములోనూ, అవతలి మనిషి చదవగలిగే రూపంలో అందిందని తేలనిదే, పంపినవాడికి "చేరింది" అని చూపించలేదు. నాతో పనిచేసేవాళ్లు దీన్ని చాదస్తం అంటారు. అననీ. తరవాత ఒకసారి ఆ వెబ్‌సైటు తెరిచి, నా ఫోనుకే ఒక కన్నడ మాట పంపి చూశాను. ఫోనులో అంకెలు పడ్డాయి. వెబ్‌సైటు మాత్రం పచ్చ అక్షరాలతో "చేరింది" అని చూపించింది. బళ్లారి వార్డులో తిమ్మప్ప ప్రతిసారీ చూసింది ఆ మాటే. అది చూసే అతను, నాగమ్మ అంతా చదువుకుని కూడా పలకడం లేదని నమ్మాడు.