నేను వెనక్కి తీసుకున్న సాక్ష్యం

ఆ ఆదివారం ఆరాధనలో రెండో పాట పాడుతుంటే నాకు ఊపిరి అందలేదు. డెబ్బై ఒక్క ఏళ్లవాడికి ఊపిరి అందకపోవడం వింత కాదు. కానీ నలభై ఏళ్లు మేస్త్రీ పని చేసిన ఛాతీ ఇది. పాట మధ్యలోనే కూర్చున్నాను. చొక్కా తడిసి ఒంటికి అంటుకుపోయింది.

మన్సూరాబాద్‌లో మా కిరాయి ఇంటికి చేరాక నా భార్య మార్తమ్మ అంది: "మూడు వారాలసంది దగ్గుతున్నవ్. అంగీలన్నీ వదులైనయ్. దవాఖానకు నడువ్."

సిమెంటు దుమ్ము దగ్గులే అని ఇంకో వారం గడిపాను.

సర్కారు దవాఖానలో ఎక్స్‌రే తీశారు, కఫం తీసుకుని స్పూటమ్ టెస్ట్ చేశారు. డాక్టరమ్మ చిన్న వయసుది. "టీబీ, తాతా. పరేషాన్ గాకు. ఆరు నెలల కోర్స్. రెండు నెలలకే మంచిగైనట్టు అనిపిస్తది. అప్పుడు గోలీలు బంద్ చేసినవనుకో, మళ్ల నా దగ్గరికే వస్తవ్" అంది. వాళ్లిచ్చిన కాగితం కూడా రెండుసార్లు చదివాను. నేను బడికి పోలేదు. కిరాణా పొట్లాల కాగితాల మీద అక్షరాలు నేర్చుకున్నవాణ్ణి, చేతికొచ్చింది చదవకుండా వదలను. అంటే తెలియక చేసిన తప్పు కాదు నాది. అందుకే నా మీద నాకు ఇంత కోపం.

గోలీలకు కడుపులో తిప్పేది. మూత్రం నారింజ రంగులో వచ్చేది. రెండు నెలలకు దగ్గు పోయింది, బరువు పెరిగింది.

మా సంఘంలో ప్రసంగానికి ముందు సాక్ష్యాల సమయం ఉంటుంది. మేలు పొందినవారు మైకు ముందుకొచ్చి చెప్పాలి. నా కోసం ప్రార్థన చేసింది సంఘ పెద్ద ప్రకాశం గారు. ఆయనది గోదావరి వైపు, ఇక్కడికొచ్చి ముప్పై ఏళ్లయినా ఆ యాస మారలేదు. "దేవుడు చేసిన మేలు దాచుకోకూడదండీ బాబాయ్ గారూ. ఈ వారం మీరే" అన్నారు. లేచాను. దేవుడు నా టీబీని తీసేశాడని చెప్పాను. గోలీల సంగతి ఒక్క ముక్క చెప్పలేదు. హాలంతా చప్పట్లు.

మెట్లు దిగుతుంటే ఆయన మెల్లగా అడిగారు: "ఇంకా మాత్రలు వేసుకుంటున్నారా? అంతమంది ముందు స్వస్థత వచ్చిందని చెప్పారు కదండీ..."

ఆపమని ఆయన అనలేదు. ఎవరూ అనరు. ఇంటికెళ్లి గోలీలు అటక మీద పెట్టాను.

"సాక్ష్యం చెప్పినోడు గోలీ మింగుతే ఇగ ఆ సాక్ష్యం దేనికే?" అన్నాను మార్తమ్మతో.

"దేవుడేమన్న నీ గోలీలు లెక్కవెట్టుకుంట కూసున్నడా?" అంది. మర్నాటి నుంచి మింగుతున్నానని ఆమెకు అబద్ధం చెప్పాను. దవాఖాన నుంచి ఫోన్ వస్తే వాళ్లకూ అదే అబద్ధం.

మరో నెలకు దగ్గు తిరిగొచ్చింది. తువ్వాలు అడ్డం పెట్టుకుని ఆరాధనకు పోతూనే ఉన్నాను. ఎల్బీనగర్‌లోని ఆ హాలు కట్టింది నేనే. అంతకు ముందు దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక రేకుల షెడ్డులో పన్నెండు మందిమి కూడుకునేవాళ్లం. ఒకరికి టైఫాయిడ్ వస్తే వంతులేసుకుని మంచం పక్కన కూర్చున్నాం, మందు తాగించాం, బట్టలుతికాం. సాక్ష్యం చెప్పమని ఎవరూ అడగలేదు. కొత్త హాలుకు ఆరు కిటికీలు పెట్టాను. తర్వాత చుట్టుపక్కలవాళ్లు చప్పుడని గొడవ చేస్తే, వాటికి ప్లైవుడ్ కొట్టేశారు. గాలి ఆడని ఆ హాల్లో ఏడు ఆదివారాలు దగ్గాను.

ఎనిమిదో వారం నెత్తురు పడింది.

డాక్టరమ్మ కార్డు చూసి, "ఎవరు ఆపమన్నరు?" అని అడిగింది.

"ఎవ్వరు అనలే, బిడ్డా."

మందులకు రోగం లొంగుతుందో లేదో చూసే సీబీనాట్ టెస్ట్ రిపోర్ట్ వచ్చాక చెప్పింది: "పాత మందులే ఇంకా పని చేస్తయ్. బతికినవ్. కానీ కోర్స్ మొదటిసంది. ఇన్ని రోజులు ఎవరెవరి పక్కన గంటల కొద్దీ కూసున్నవ్? వాళ్లందరికీ టెస్ట్ చేయాలె."

ఆ సంగతి ప్రకాశం గారికి తెలిసి ఇంటికొచ్చారు. "బయటికి పొక్కనివ్వకండి బాబాయ్ గారూ. మీ సాక్ష్యం విని ముగ్గురు బాప్తిస్మం తీసుకున్నారు. వాళ్ల విశ్వాసం ఏమైపోవాలండీ?"

"వాళ్ల ఊపిరితిత్తులు ఏమైపోవాలె?" అని అరిచాను. అరిచేసరికి దగ్గొచ్చింది.

ఒకే రొట్టె విరుచుకుంటాం. ఒకే గాలి పీలుస్తాం. ఆ గాలిలో రోగముందని పక్కవాడికి చెప్పకూడదంటే మాది సంఘమెట్లా అవుతుంది? వారానికోసారి ఒకే చోట చెప్పులు విడిచే జనం, అంతే.

డాక్టరు చెప్పినట్టు రెండు వారాలు ఇంట్లోనే ఉన్నాను. మూడో ఆదివారం మాస్కు పెట్టుకుని సాక్ష్యాల సమయంలో లేచాను. "నేను చెప్పిన సాక్ష్యం తప్పు" అనగానే మైకు ఆగిపోయింది. అరిచే బలం లేదు. మార్తమ్మ వచ్చి పక్కన నిలబడింది. నేను మెల్లగా ఒక మాట చెబుతుంటే, దాన్ని ఆమె హాలంతా వినబడేలా చెప్పింది. మధ్యలో తన మాట కూడా కలిపింది: "నాకు గూడ అబద్ధం చెప్పిండు ఈ మనిషి!"

"మా పిల్లలు గీడనే కూసుంటరు గద తాతా!" అని ఒక తల్లి లేచి తిట్టింది. ఆమెకు ఆ హక్కుంది. తల వంచుకుని విన్నాను.

పరీక్షల్లో ఒక్కరికి టీబీ బయటపడింది. పాటల బృందంలో ఉండే సుగుణ, హయత్‌నగర్‌లో బట్టలు కుట్టుకుని బతుకుతుంది. నెల నుంచి దగ్గుతూ, దవాఖానకు పోకుండా తనూ ఒక సాక్ష్యం కోసం ఎదురుచూస్తోందట. తిట్లు తినడానికే వాళ్లింటికి వెళ్లాను.

"నీ నుంచి నాకొచ్చెనో, నా నుంచి నీకొచ్చెనో ఎవరికెరుక? ఏడ్వకు గని, రేపు పొద్దుగాల గూడ రా తాతా. గీ గోలీలు ఒక్కదాన్నే మింగబుద్ధయితలేదు" అంది.

రోజూ పొద్దున బస్సెక్కి వెళ్లి, ఆమెతో కలిసి మింగాను. నా కోర్స్ అయిపోయింది, స్పూటమ్ నెగెటివ్. ఆమెకింకా ఏడు వారాలున్నాయి, అందుకని ఇప్పటికీ వెళ్తున్నాను. ప్రకాశం గారు నాతో మాట్లాడరు. రెండు కుటుంబాలు సంఘం మారాయి. నా కోపం తగ్గలేదు, తగ్గించుకోను కూడా.

మొన్న ఆదివారం ఒకాయన మైకు ముందు తన షుగర్ పోయిందన్నాడు. కూర్చున్న చోటి నుంచే అడిగాను: "గోలీలు మింగుతున్నవా లేదా, ముందు గది చెప్పు!"

ఆయన బిత్తరపోయాడు. "మింగుతున్న తాతా."

"గట్లయితే హల్లెలూయ" అన్నాను.

మీకు చెప్పేది ఒక్కటే. జబ్బుపడ్డవాడి తల మీద చెయ్యి పెట్టే ముందు, ఈ పూట మందు వేసుకున్నాడా అని అడగండి. లేదని చెబితే గ్లాసుడు నీళ్లు చేతికిచ్చి, మింగేదాకా పక్కనే కూర్చోండి. డాక్టరు ఆపమనే రోజు వరకూ అలాగే కూర్చోండి. ఆమెన్ ఆ తర్వాత అనవచ్చు.