ఏడాది లెక్క మావయ్య

చివరి రోజు అన్న మాట వింటే చాలు, మా పేట మెకానిక్కుకు పిల్లనిచ్చిన మావయ్యకు ఒళ్లు మండిపోతుంది. "చివరి రోజేంటి, చివరి రోజు! ఏడాదంతా ఏం వెలగబెట్టారో చూడాలి గానీ!" అని లేస్తాడు. పేటలో అందరూ ఆయన్ని ఏడాది లెక్క అనే పిలుస్తారు. అసలు పేరు పోస్టుమానుకు కూడా గుర్తు లేదు.

ఈ జబ్బు రేసుల దగ్గర తగులుకుంది. ఆయన కార్లు బాగుచేసే షెడ్డు పక్కనే చిన్న రేసు కార్ల ట్రాక్. ఏడాది పొడవునా పోటీలు జరిగేవి. పాయింట్లు ఎవరికి ఎక్కువ వస్తే వాళ్లే ఛాంపియన్. ఇంతలో నిర్వాహకుడు ప్లేఆఫ్ అని ఒకటి తెచ్చాడు. ఆఖర్న పైనున్న నలుగురిని ఏరి, పాయింట్లన్నీ సున్నా చేసి, ఒక్క రేసు పెడతారు. అందులో ముందొచ్చినవాడిదే కప్పు.

"అంటే అన్నాళ్లూ కారు నడిపింది గాలి పీల్చుకోడానికా?" అని మావయ్య వాడి మీద పడ్డాడు.

"జనం రావట్లేదండీ. పోయినసారి ఛాంపియనెవరో ముందే తేలిపోయింది. చివరి రేసుకి కుర్చీలు తప్ప ఎవరూ లేరు."

"జనం కావాలంటే కోతిని ఆడించు. దాన్ని ఛాంపియన్‌షిప్ అనకు!"

అక్కణ్నుంచి జబ్బు ఇంటికి పాకింది. కూర మాడితే, "పర్లేదు, ఏడాది లెక్కలో నువ్వే ముందున్నావ్" అంటాడు భార్యతో. అమృతంలా కుదిరితే, "ఒక్క పూటకే ఎగిరిపడకు" అంటాడు. "ఏడాదంతా తిన్నారుగా, ఈ పూటకి మానేయండి" అని ఆవిడ కంచం లాగేస్తుంది. ఒకసారి పక్కింటి కుర్రాడి ఇంటర్వ్యూకి తోడు వెళ్లి, "పావుగంటలో ఏం తేలుస్తారండీ మీరు? వీణ్ణి నేను ఏడాదిగా చూస్తున్నా, మేలిమి బంగారం!" అని ఆఫీసరు బల్ల గుద్దాడు. బంగారానికి ఉద్యోగం రాలేదు.

అరిచేటప్పుడు రెండు చేతులూ విసనకర్రల్లా తిప్పుతాడు. తెలిసినవాళ్లు కళ్లద్దాలు తీసి దాచుకున్నాకే ఆయనతో వాదన పెట్టుకుంటారు.

ఆ ఏడాది పాయింట్లలో ఆయన కూతురే ముందుంది. ఆమె కారు సిద్ధం చేసేది ఆమె మొగుడు, అంటే మన మెకానిక్కే. చక్రానికి ఒకటే పెద్ద నట్టు. బిగించగానే దాని మీద తెల్ల పెయింటుతో గీత పెట్టాలి. గీత కనబడితే ఇంకెవరూ మళ్లీ చూడరు. అది ఆ షెడ్డు పద్ధతి.

ప్లేఆఫ్ రోజున కూతురు హెల్మెట్ పెట్టుకుంటూ, "నాన్నా, కప్పు ఎక్కడ పెడదాం?" అంది.

"నువ్విప్పటికే ఛాంపియన్‌వి. ఈ దొంగ కప్పు గెలిచినా నేనొప్పుకోను!"

"అయితే ఓడిపోనా?"

"ఓడితే అస్సలొప్పుకోను!"

రేసులో ఆమే ముందుంది. ఉన్నట్టుండి వెనక చక్రం ఊడి, కారుకంటే ముందు తనే మలుపు తిరిగింది. కారు జారి పాత టైర్ల గోడకు గుద్దుకుంది. ఆమె దుమ్ము దులుపుకుని దిగింది. ఏడాదంతా ఆమె వెనక పొగ పీల్చినవాడు కప్పెత్తుకుని గంతులేశాడు.

మెకానిక్కుకు అప్పుడు తట్టింది. రేసుకు పిలుస్తున్నారన్న కంగారులో గీతలన్నీ ముందే గీసేశాడు. ఆ నట్టు తర్వాత బిగించాడా? ఎంత తన్నుకున్నా గుర్తుకు రాలేదు. తన చేతుల్ని తనే నరుక్కోవాలన్నంత కోపం వచ్చింది. ఈలోగా నిర్వాహకుడు అతని వైపు తిరిగాడు.

"అసలు ఆ చక్రం ఎవరు..."

"చక్రం మాటెత్తుతావా నువ్వు!" అంటూ మావయ్య ఊడిపడ్డాడు. "ఏడాది కష్టాన్ని సున్నా చేసింది చక్రమా, నువ్వా? పాత పద్ధతే ఉంటే ఇది ఒక రేసు పోయినట్టు, అంతే! కప్పు మా ఇంట్లోనే ఉండేది!"

నిర్వాహకుడు పారిపోతే మైకువాడి మీద, మైకువాడు తప్పుకుంటే టికెట్లు చింపేవాడి మీద, చివరికి ఆంబులెన్సు డ్రైవరు మీద. వింతేమిటంటే ఆ వేళ ఒక్క చెయ్యే తిరుగుతోంది. రెండోది జేబులోంచి బయటికే రాలేదు. జనం చక్రం సంగతి మర్చిపోయి, చెవులు మూసుకుని ఇళ్లకు పోయారు.

మర్నాడు పొద్దున్నే మెకానిక్కు తన స్పానర్లన్నీ తెచ్చి బల్ల మీద పడేశాడు. "మావయ్యా, నేనింక కారు ముట్టను."

మావయ్య జేబులోంచి ఒక నట్టు తీసి వాటి పక్కన పెట్టాడు. దాని మీద తెల్ల గీత ఉంది. ఇరుసు విరిగి చక్రం ఊడి ఉంటే, దాని ముక్క నట్టు లోపల ఇరుక్కునేది. ఆ నట్టు మాత్రం ఖాళీగా, చెక్కుచెదరకుండా ఉంది. అంటే బిగించలేదు.

"మీకు నిన్నే తెలుసా?"

"ట్రాక్ మీద కాలికింద దొరికింది."

"మరి నిర్వాహకుణ్ణి అన్ని తిట్లు..."

"వాడికవి పడాల్సినవే! నువ్వు ఏడాదంతా బిగించినవి ఎవడికీ గుర్తుండవు, వదిలేసిన ఒక్కటే పట్టుకుంటారు. ఆ ప్లేఆఫ్ బుద్ధి నా షెడ్డులో కుదరదు. స్పానర్ తియ్యి. ముందు బిగించు, తర్వాత గీయి. మళ్లీ తిరగేసి చేశావో, ఏడాది లెక్క కూడా నిన్ను కాపాడదు!"

మెకానిక్కు ఇంటికెళ్లి, తల వంచుకుని భార్యతో ఉన్నది ఉన్నట్టు చెప్పేశాడు.

"తెలుసు. బండి వెనక ఊగినప్పుడే తెలిసింది," అంది ఆమె. "కారు దిగగానే నిన్ను నలుగురిలో నిలబెట్టి కడిగేద్దామనుకున్నా."

"మరి కడగలేదేం?"

"మా నాన్న సందిస్తేగా! ఆయన అరుపు ఆగేసరికి నా కోపం నీరుగారిపోయింది. పోనీలే. ఇవాళ అంట్లు నువ్వు తోము."

"ఇవాళ ఒక్కరోజేగా?"

"ఒక్కరోజుతో ఏం తేలుతుంది? నేనెవరి కూతుర్నో మర్చిపోయావా?"