గరిక వేరు, నా రెప్ప వెంట్రుక

ఆ రోజుల్లో నాకు తెలియని విషయమంటూ ఉండేది కాదు. ఏడో తరగతిలోనే బడి మానేసినవాడికి అదే సుఖం, ఎంత తెలియదో చెప్పేవాళ్లుండరు. (వైద్యరంగంలో నేను కనిపెట్టింది మాత్రం ఒక్కటే: నా సొంత కనురెప్ప వెంట్రుక.)

వనపర్తిలో ఆటో నడిపేవాణ్ని. మల్దకల్ దగ్గరి పల్లెలో ఉండే మా మేనత్తకు ముక్కు పక్కన తెల్లటి మచ్చ ఒకటి లేచింది. మానినట్టే మాని మళ్లీ పుండయ్యేది. మావైపు పులిపిరికి సున్నం పెట్టి కాల్చడం అలవాటు. అత్త దీనికీ అదే వైద్యం చేసింది. చివరికి బతిమాలి వనపర్తి దవాఖానకు తీసుకొస్తే, చిన్న ముక్క తీసి పరీక్షకు పంపారు. కొన్ని రోజులకు, పరీక్ష చేసిన డాక్టరమ్మ మమ్మల్ని తన గదిలోకే పిలిచింది.

“ఇది పైపైన తీసిన ముక్కమ్మా. సున్నానికి కాలిన మచ్చే ఎక్కువ కనబడుతున్నది. కానీ మధ్యలో సన్నటి పోగులేవో ఉన్నాయి. ఒకరకం చర్మ క్యాన్సర్ గడ్డలాగ లేవకుండా, ఇట్లనే మచ్చ చాటున పాకుతది. తేల్చాలంటే ఇంకొంచెం లోతుగా ముక్క తీయాలె.”

“ఇంకో ముక్కనా? నా ముక్కేమన్న పండుగ మేకనా, తలా ఇంత కోసుకోనీకి? నేను పోత!” అత్త లేచి నిలబడింది.

నాకు నిజంగానే భయమేసింది. ఇప్పుడు బస్సెక్కిందంటే మళ్లీ రాదు, ఇంట్లో సున్నం డబ్బా కాచుకునే ఉంది. ఎట్లాగైనా ఆపాలని, డాక్టరమ్మ బల్ల మీద ఆ ముక్కను పెట్టి ఉంచిన మైక్రోస్కోపు మీదికి వంగాను. వంగీ వంగగానే అరిచాను, “దొరికింది మేడం! నల్లగ, పొడుగ్గ, కదులుతున్నది! అత్తా, గిదే నీ రోగం!”

“అది మీ రెప్ప వెంట్రుక. జర కన్నార్పకుండా చూడండి,” అంది డాక్టరమ్మ.

పోతున్న అత్త నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. “జరుగు, నేను చూస్త,” అని కూర్చుంది. డాక్టరమ్మ పోగులు ఎక్కడున్నాయో చెప్పింది. అత్త చాలాసేపు చూసింది.

“ఓ బిడ్డా, గిది గరిక లెక్కనే ఉన్నది గద. పైన పీకితే చేను సాఫయినట్టే ఉంటది, కింద వేరు పారుతనే ఉంటది,” అంది నెమ్మదిగా. డాక్టరమ్మ వైపు తిరిగి, “తియ్యమ్మా. లోతుకే తియ్యి.”

డాక్టరమ్మ అనుమానమే నిజమైంది. ఆపరేషన్ చేసి, తీసిన ముక్కను అంచుల దాకా చూసి, ఎక్కడా పోగు మిగలలేదన్న రోజు ఆటో స్టాండు మొత్తానికి నేనే చాయ్ తాగించాను. ఉత్త మచ్చే కదా అని పంపేయని ఆ డాక్టరమ్మను, భయాన్ని తన చేను భాషలోకి మార్చుకుని కూర్చున్న మా అత్తను తలుచుకుంటే ఇప్పటికీ ఛాతీ ఉబ్బుతుంది. ఆటో ఎక్కినవాళ్లకల్లా ఈ కథ చెబుతాను. (నా వాటా కొంచెం పెంచే చెబుతాను.)

మొన్న కూడా ఒకాయనకు చెబుతున్నాను, “సార్, ఆ మైక్రోస్కోపుల ముందుగాల చూసింది నేనే...” అని వెనక్కి తిరిగి మరీ. ఆయన పక్కనే కూర్చున్న అత్త నా వీపు మీద ఒక్కటిచ్చింది.

“చూసినవ్ తియ్! ఇప్పుడు జర తొవ్వ చూడు. ముందర నల్లగ కదులుతున్నది బర్రెరా, నీ రెప్ప వెంట్రుక కాదు!”